మెత్తగా తిరిగిన స్టీరింగ్

పోయిన ఆదివారం చర్చి మెట్లు దిగుతుంటే ఆస్పత్రి నుంచి నా బిడ్డ ఫోన్ చేసింది. తన తమ్ముడు పోయాడంది. జ్వరానికి చేర్చామనే అనుకుంటున్నాను అప్పటికి. నేను బీదర్ చేరేసరికి డాక్టరమ్మ, చాన్నాళ్ల నుంచి నరాల జబ్బుంది కదా అని కన్నడలో అంది. ఆమెకు తెలుసు. నా బిడ్డకు తెలుసు. కన్నదానికి తెలియదు.

నా కొడుకు కంప్యూటర్ ముందు బల్లకు స్టీరింగ్ బిగించుకుని పందెం కార్లు నడిపేవాడు. ఆట కార్లే, కానీ మలుపులో ఆ స్టీరింగ్ నిజం బండిలాగే చేతులను గుంజుతుంది. ఏ బండి ఎట్లా నడుస్తుందో పోల్చి చెబుతూ వీడియోలు పెట్టేవాడు. ముందు నాకు చెప్పేవాడు. అమ్మకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టేనట.

"ముందు ఇంజన్ బండి మామ లెక్కనమ్మా. ఎంత తిప్పినా సీదాగనే పోతది, మాట వినది. ఎనక ఇంజన్ బండేమో నీ లెక్క. మలుపుల భయపడి రేస్ మీద కాలు తీస్తే తోక తిప్పి కొడతది."

"నేనెప్పుడు కొట్టినరా నిన్ను?"

"తోకతోని కొట్టలే."

ఒంటి సీటు బండి గురించి అన్న మాట మరవలేను. "అది జోరుగ పోయినకొద్ది నేలను పట్టుకుంటది. మెల్లగ పోతెనే జారుతది."

జొన్నరొట్టెలు చేసి చేతులు కడుక్కుని వస్తే నన్నూ నడపమనేవాడు. మొదట్లో ఒక్కో బండి ఒక్కో తీరుగా గుంజేది. ఒంటి సీటుదానికైతే నా మోచేతులు నొచ్చేవి. నిరుటి ఎండాకాలం నుంచి అన్నీ మెత్తగా తిరగసాగాయి.

"గిదేందిరా, అన్ని ఒక్కతీరుగ తిరుగుతున్నయి?"

"కొత్త బండ్లమ్మా. స్టీరింగ్ అల్కగ ఇస్తున్నరు."

నమ్మాను. చేతిలో గ్లాసు జారితే, స్టీరింగ్ పట్టి పట్టి తిమ్మిరెక్కిందనేవాడు. అదీ నమ్మాను. అక్కాతమ్ముళ్లు కొత్త స్టీరింగ్ చూసొస్తామని హైదరాబాద్ బస్సెక్కితే రొట్టెలు కట్టిచ్చాను. పోయింది ఆస్పత్రికట.

మట్టి చేసి వచ్చిన మర్నాడు బిడ్డను అడిగాను.

"చేతులల్ల బలం లేక స్టీరింగ్ గుంజుడు కంప్యూటర్ల వాడే తగ్గించుకున్నడమ్మా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

"ఒట్టు వానికేసినవు. మరి నేనెవర్ని?"

నేను బల్లకు బిగించి ఉన్న స్టీరింగ్ వైపు చూశాను.

"ఆ బండ్ల ముచ్చట్లన్న నిజమేనా?"

"అవన్ని నిజమే. కొత్త బండ్లు అల్కగ తిరుగుతయన్న మాటొక్కటే అబద్ధం."

నాకు చదువు లేదని నా కొడుకు ఎన్నడూ నవ్వలేదు. ఎంత కష్టమైన సంగతైనా నాకు అర్థమవుతుందని నమ్మినవాడు. తన సంగతి దగ్గరికొచ్చేసరికి నన్ను చిన్నపిల్లను చేసి పక్కన కూర్చోబెట్టాడు.

బిడ్డ నా దగ్గరికి జరిగి ఒడిలో తల పెట్టి ఏడ్చింది. నా చేతులు రెండు పక్కలా చాప మీదే ఉండిపోయాయి.