సగంలో ఆగిన స్వరం

బంద్ రోజున కాలేజీ ఉండేది కాదు, బస్సులూ ఉండేవి కావు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో గిటార్ వీపుకు తగిలించుకుని కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాకా నడిచిపోయేవాణ్ణి. అక్కడ నా క్లాస్‌మేట్ ఇల్లు. మాది నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చిన కుటుంబం, వాళ్లది గుంటూరు వైపు నుంచి. ఒక ఇంగ్లీషు రాక్ పాటలోని గిటార్ సోలో నేర్చుకోవడం ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం. వాడికి తొందరగానే వచ్చేసింది. నాకు రాలేదు.

కష్టమంతా చివర్లో ఉంది. వేగంగా పైకి వెళ్లి, ఉంగరపు వేలితో తీగను పక్కకు నెట్టి, స్వరాన్ని ఇంకా పైకి లేపి, అక్కడే నిలపాలి. నేను నెడితే స్వరం సగంలోనే ఆగిపోయేది. వాడు టీవీలో బంద్ వార్తలు చూస్తూ వాయించేసేవాడు.

"ఒక్క వేలితో నెట్టకురా. వెనకాల మిగతా రెండు వేళ్లూ ఆనించు," అంటూ నా చెయ్యి పట్టుకుని సర్దేవాడు. ఆ ఓపికే నన్ను మండించేది. కాస్త గర్వం చూపించినా బాగుండేది, తిట్టుకోవడానికి కారణమన్నా దొరికేది.

ఎడమచేతి వేళ్లు బొబ్బలెక్కాయి. "గా పిలగాని లెక్క రాకుంటే ఏమైతది బిడ్డా? జర ఆగు," అంది అమ్మ. అమ్మ కూడా వాడితో పోల్చిందని ఆ పూట అన్నం తినలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో విద్యార్థులు దీక్షా శిబిరం పెట్టారు. మా సీనియర్ ఒకతను వచ్చి, "పాటల నడుమ గిటార్ కొట్టాలె తమ్మీ, ఒస్తవా?" అన్నాడు. నన్నే అడిగాడు, వాణ్ణి కాదు. ఎగిరి గంతేసినంత పనయింది.

ఆ సోలోనే వాయించాను. చివర్లో స్వరం మళ్లీ సగంలో ఆగింది. ఎవరికీ తెలియలేదు. ఈలలు, చప్పట్లు. కిందికి దిగి చూస్తే టెంట్ చివర వాడు నిలబడి ఉన్నాడు.

"బాగా వాయించావురా."

"నిజం జెప్పు."

"ఆఖర్న స్వరం ఎక్కలేదు."

అన్ని చప్పట్లూ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. మళ్లీ వాడే అన్నాడు, "నన్నెవరూ పిలవరు కదా. నేనూ ఇక్కడే పుట్టాను."

జాలి పడాల్సిన మాట. నాకు మాత్రం వాడికి లేనిదొకటి నాకుందన్న సంతోషమే ముందు కలిగింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ స్వరం దానంతటదే పైకెక్కి నిలిచింది. మళ్లీ వాయించాను, మళ్లీ ఎక్కింది. వెంటనే బస్సెక్కి ఎల్బీనగర్ పోయి వాడికి వినిపించాను.

"అబ్బ! కుదిరిందిరా!" అని నన్ను కావలించుకున్నాడు. వాడి మొహంలో సంతోషం తప్ప మరొకటి కనిపించలేదు, ఎంత వెతికినా. తర్వాత తన గిటార్ తీసుకుని, అంతకన్నా కష్టమైన మరో సోలో అందుకున్నాడు.

"గిదెప్పుడు నేర్చుకున్నవ్‌రా?" అన్నాను, నవ్వడానికి ప్రయత్నిస్తూ.