చివరి తొట్టిలో చేపపిల్లలు

మా చిన్నప్పుడు... సాయంత్రం బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి నేను పరిగెత్తేది చివరి తొట్టి దగ్గరికే.

నాన్న కాలనీ మురుగునీటి ప్లాంటులో ఆపరేటరు. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి... తణుకు వైపు నుంచి బయల్దేరి, ఒక ట్రంకు పెట్టెతో దువ్వాడ స్టేషన్లో దిగాం. ప్లాంటు గోడ పక్కనే మా క్వార్టరు. కాలనీ ఇళ్ళలో వాడి పారబోసిన నీళ్ళన్నీ అక్కడికొచ్చి, ఒక్కో తొట్టీ దాటుతూ తేటపడి, చివరి తొట్టిలోంచి గెడ్డ అనే వాగులోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోయేవి.

ఆ చివరి తొట్టిలో నాన్న బొచ్చె చేపపిల్లల్ని వేశారు. అవి హుషారుగా తిరుగుతుంటే నీళ్ళు బాగుపడ్డట్టు లెక్క, అప్పుడే గెడ్డ గేటు తెరిచి ఉంచేవారు. పైవాళ్ళు చెప్పింది కాదు, ఆయన సొంత పద్ధతి. నేను మరమరాలు వేస్తే పైకొచ్చేవి. వాటికి పేర్లు పెట్టి బడి కబుర్లన్నీ చెప్పేదాన్ని... చెప్పుకోడానికి ఇంకెవరూ లేరు మరి.

బడిలో నన్ను మురుగు పిల్ల అనేవారు. అమ్మ ఎంత సున్నిపిండి పెట్టి రుద్దినా ఆ పేరు మాత్రం పోలేదు. చివరి బెంచీలో నా పక్కన కూర్చునేది నూకాలు ఒక్కతే. గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న జాలర్ల పేట వాళ్ళది. చేపల వాసన వస్తుందని తననీ ఎవరూ దగ్గరికి రానిచ్చేవారు కాదు. అలా ఆ బెంచీకి మేమిద్దరం మిగిలాం.

ఆ నూకాలు ఒక ఆదివారం మా ఇంటికి వస్తానంది. ఈ ఊరొచ్చాక నాకోసం ఒకరు మా గుమ్మంలోకి రావడం అదే మొదలు... అమ్మ శనివారం రాత్రే గారెలకి మినప్పప్పు నానేసింది.

ఆ రాత్రి గాలివానకి కరెంటు పోయి ప్లాంటు మోటార్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి నా చేపపిల్లలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. నాన్న వాటిని చూసి గెడ్డ గేటు దించేశారు. పొద్దెక్కేకొద్దీ తొట్లు పొంగి మురుగు మా వాకిట్లోకి వచ్చింది.

"గేటెత్తీ బావా. అంత సంద్రం ఉంది, ఇదేటి లెక్క?" అన్నాడు నాన్నతో పనిచేసే అప్పలరాజు, ముక్కుకి తువ్వాలు కట్టుకుని.

"కింద వలలేసుకునేవాళ్ళున్నారు, నీళ్ళలో ఆడుకునే పిల్లలున్నారు. కరెంటొచ్చేదాకా ఉండనీ అప్పలరాజూ" అన్నారు నాన్న.

నాకు ఏడుపొచ్చింది. "నాన్నా, ఇవాళొక్కరోజుకి ఎత్తెయ్యవా... నూకాలొస్తుంది" అన్నాను. నాన్న నా తల నిమిరారు గానీ, గేటు మాత్రం ఎత్తలేదు.

నూకాలు వచ్చింది. ఉతికిన గౌను, ఎర్ర రిబ్బన్లు, గుప్పిట్లో నాకోసం గవ్వలు. వాకిట్లో నల్లనీళ్ళు చూసి గోడ దగ్గరే ఆగిపోయింది.

"ఏటే ఇది... నిజంగా ఇక్కడే ఉంటన్నారేటి?" అంది. ఊపిరి బిగబట్టి మాట్లాడుతోందని తెలుస్తూనే ఉంది. "నానెల్తానే. మాయమ్మ సేపలమ్మడానికి ఎల్తది, తమ్ముణ్ణి సూడాల" అని, గవ్వలు గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఈ నీళ్ళు ఆపింది మీ పేట కోసమేనే అని అరుద్దామనుకున్నాను. అరవలేదు, గోడ మీది గవ్వలు ఏరుకున్నాను.

ఆ మధ్యాహ్నం నాన్నా, నేనూ పీటలేసుకుని కూర్చున్నాం. సత్తు గిన్నె నిండా గారెలు... తినబుద్ధి కాలేదు. "ఇంకోరోజు వస్తుందిలేమ్మా" అన్నారు నాన్న.

రాలేదు. సోమవారం అదే బెంచీలో కూర్చుంది గానీ, మా ఇద్దరి మధ్యలో తన సంచి పెట్టుకుంది. వేసవి సెలవుల తర్వాత బడికే రాలేదు. తల్లితో పాటు చేపల గంప ఎత్తిందని ఎవరో అన్నారు.

మొన్న అటు వెళ్ళినప్పుడు గెడ్డ సముద్రంలో కలిసే చోట కాసేపు నిలబడ్డాను. నీళ్ళు నల్లగా, నురగలు కక్కుతూ వచ్చి కలుస్తున్నాయి. ఆపేవాళ్ళెవరూ లేరు. నీళ్ళలో దిగబోయిన ఒక పాపని వాళ్ళ మామ్మ కేకలేసి వెనక్కి లాగింది. ఆవిడ నూకాలేమో అని ఆశగా చూశాను... కాదు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మీ చివరి బెంచీలో మీ పక్కన ఎవరుండేవారో, ఇప్పుడెక్కడున్నారో మీరూ రాయండి... చదువుతాను. నా పక్కన నూకాలుండేది. మీలో ఎవరికైనా ఎక్కడైనా కనిపిస్తే, ఆ ఆదివారం ఆ నీళ్ళు మా వాకిట్లో ఎందుకు ఆగాయో కాస్త తనకి చెప్పండి.