స్విచ్ ఆయన్ని వెతికిన రోజు

అప్పట్లో కడపలో మావారూ నేనూ చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాళ్లం. కంప్యూటర్ల వైర్లన్నీ స్విచ్ అనే ఒక పెట్టెలోకి వెళ్లేవి. కరెంటు స్విచ్ కాదు. ఒక్కో వైరుకూ ఒక పచ్చ లైటుండే పెట్టె. దాని సంగతి ఆయనే నేర్పారు.

"ఏ సిస్టం యాడ ఉండాదో ఇది గుర్తు పెట్టుకుంటాది. దానికొచ్చింది దానికే పంపుతాది. తెలీకపోతే అన్నింటినీ అడుగుతాది."

"ఎవురూ పలక్కపోతే?" అన్నాను.

"మళ్లా అడుగుతాది. ఇంకేం చేస్తాది, పాపం!"

కమలాపురం దారిలో బండి ప్రమాదం ఆయన్ని తీసుకుపోయింది. కర్మలయ్యాక సెంటర్ తెరిచాను కానీ, ఆయన కంప్యూటర్ ముట్టుకోలేకపోయాను. ప్రింటర్ ఉండేది దానికే. ఓ కాలేజీ అమ్మాయి అలవాటుగా ప్రింట్ కొట్టింది. పెట్టె మీద లైట్లన్నీ ఒక్కసారిగా మిణుకుమన్నాయి. ఆగి, మళ్లీ మిణుకుమన్నాయి. ఆయనదొక్కటే వెలగలేదు.

"అక్కా, అన్న సిస్టం పలకడం ల్యా" అంది ఆ పిల్ల.

వెళ్లి ఆన్ చేశాను. ఆ లైటు వెలిగింది. కాసేపటికి కాగితం బయటికొచ్చింది. అందరూ చూస్తుండగా ఆయన కుర్చీ పట్టుకుని బావురుమన్నాను.

పెట్టెకు వెతికింది దొరికింది. మళ్లా మళ్లా అడిగే పని ఇన్నేళ్లుగా నాకు మిగిలింది.