దానయ్య అలల లెక్క, నా పింగ్ లెక్క

2008. పలాస రైల్వే స్టేషన్‌కి కాస్త దూరంలో, ఒక మేడ మీద నాది పది కంప్యూటర్ల నెట్ సెంటర్. పగలంతా రైలు టికెట్లు, పరీక్ష ఫలితాలు. సాయంత్రమైతే ఆటగాళ్లు. తుపాకుల ఆట ఆడేవాళ్లది ఒకటే గోల: ఇక్కడ మీట నొక్కితే, అది సింగపూర్‌లోని ఆట సర్వర్‌కి చేరేలోపే అవతలివాడు కాల్చేసేవాడు. అలా వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు, మిల్లీసెకన్లలో కొలుస్తారు. మా లైన్‌లో అది మూడు వందలకి తగ్గేది కాదు.

విశాఖలో ఉద్యోగం మానేసి వచ్చినవాణ్ణి, దీనికి మందు నేనే కనిపెడతానని కూర్చున్నాను. చెన్నైలో, ముంబైలో, సింగపూర్‌లో సర్వర్లు అద్దెకి తీసుకుని ప్రాక్సీ కట్టాను. అంటే ఆటని దగ్గరి దారిన చేర్చే మధ్యవర్తి. నెలచందా మీద ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ముప్పైమంది చేరారు. నా ప్రోగ్రామ్ పది సెకన్లకోసారి చెన్నై దారినీ ముంబై దారినీ కొలిచి, పింగ్ తక్కువున్న దారిలోకి దూకేది. తెర మూలన ఆకుపచ్చ అంకె తొంభై, ఎనభై అని చూపిస్తుంటే మురిసిపోయేవాణ్ణి.

నెల తిరక్కుండానే తిట్లు మొదలయ్యాయి. ఆట మధ్యలో బొమ్మ ఎగిరెగిరి పడుతోందట. ఆదివారం ఇచ్ఛాపురం జట్టుతో పలాస జట్టుకి పోటీ ఉంది. "అప్పుడూ ఇలాగే ఉంటే అందరం మానేస్తాం" అని తేల్చి చెప్పేశారు. అంకె అంత బాగుంటే వీళ్లకేం వచ్చిందని నేనూ ఎగిరాను. కానీ లోపల భయమే. వాళ్లు పోతే నా సర్వీసు మూసేయడమే.

మా జట్టులో దానయ్య అని వజ్రపుకొత్తూరు వైపు తీరగ్రామం నుంచి వచ్చే మత్స్యకారుడు ఉండేవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. సముద్రం బాగోక వేట లేని రోజున బస్సెక్కి వచ్చి ఆడేవాడు. ఆయన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీ నంబరు మంచిదే బావా. గానీ నా సెయ్యి దానికి అలవాటు పడీలోగా మారిపోతంది."

"తగ్గుతోంది కదా! తగ్గితే మంచిదేగా?"

"ఏటి మంచిది? ఎప్పుడు కాల్సాలో నాకే తెల్డం నేదు. రేపు పొద్దున్న మా రేవుకి రా, సూపిత్తాను."

మర్నాడు తొలి బస్సుకి వెళ్లాను. పడవ ముక్కు నీళ్లలో, వెనక భాగం ఇసుకలో. నలుగురు అంచులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. దానయ్య వెనక నిలబడి సముద్రంకేసి చూస్తున్నాడు. మనిషెత్తు అలలు విరుగుతున్నాయి. ఇంతలో ఒక చిన్న అల వచ్చింది.

"ఇప్పుడు!" అన్నాను.

ఎవరూ కదల్లేదు. దాని వెనకే వచ్చిన పెద్ద అల ఫెళ్లున విరిగి నా చొక్కా దాకా తడిపేసింది. నా మాట విని ఉంటే పడవ బోల్తా కొట్టి, ఆ అయిదుగురూ దాని కిందే ఉండేవారు.

దానయ్య పెదాలు లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి. మళ్లీ అలలు. చిన్నవేం కావు, కానీ ఒకదాని వెనక ఒకటి సమానమైన ఎడంతో వస్తున్నాయి.

"తొయ్యండ్రా!"

అందరూ తోస్తూనే ఎగిరి ఎక్కారు. పడవ ఒక అల ఎక్కి దిగింది, రెండోది ఎక్కి దిగింది, అంతే, అవతల ఉంది. గడియారం లేదు, తెర లేదు. అయిదు ప్రాణాలు ఆ ఒక్క మనిషి లెక్క మీద దాటిపోయాయి. అక్కడే ఇసుకలో కూలబడ్డాను.

వేట ముగించుకుని తిరిగొచ్చాక వల దులుపుతూ అన్నాడు: "సిన్న అలని సూసి దిగితే మునిగిపోతాం బావా. పెద్దదైనా పర్నేదు, వరస తప్పకండా వత్తే దాటొచ్చు."

పలాస వచ్చి నా ప్రోగ్రామ్ విప్పాను. తక్కువ పింగ్ ఉన్న దారిని కాదు, నిలకడగా ఉన్న దారిని ఎంచుకోమన్నాను. ఆట అయ్యేదాకా దారి మార్చొద్దన్నాను. అంకె నూట నలభైకి పెరిగింది. మళ్లీ పాత పద్ధతికి మార్చేద్దామనిపించింది, అయినా అలాగే వదిలేశాను.

ఆదివారం మావాళ్లు ఒక్క రౌండ్ తేడాతో ఓడిపోయారు. ఒకణ్ణొకడు తిట్టుకున్నారు. నా లైన్‌ని మాత్రం ఒక్కడూ తిట్టలేదు. ఆట వేడిలో ఎవరూ తెర మూలకి చూడనేలేదు, దానయ్య తప్ప.

"నూట నలభయ్యా! మునపటికన్నా ఎక్కువే కదేటి?"

"ఎక్కువే."

పకపకా నవ్వాడు. "మిగతావోళ్లకి సెప్పకు."

మర్నాడే ఆ అంకెని తెర మీంచి తీసేశాను. చందాదారులు ఒక్కరూ మానలేదు. కొలవడం నేను కాలేజీలో నేర్చుకున్నాను. ఏది కొలవాలో మాత్రం తడిసిన చొక్కాతో ఆ రేవులో కూలబడ్డ రోజున తెలిసింది.