ల్యాండింగ్ ఎవరిది

నాకు విమానం ఎగరేయడం నేర్పిన మనిషి చాలా మంచివాడు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మిగతాదంతా విన్నాక మీరు కూడా "పాపం, ఆయన ఏం చేశాడని అంత కోపం?" అంటారు. ఇక్కడ అమెరికాలో, మా క్యారీ ఊళ్ళో మనవాళ్ళందరూ అన్నారు. మా ఆయనైతే రెండు పూటలా అన్నాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టేసి ఊరుకోవచ్చు. మంచివాడి మీద ఒళ్ళు మండితే మనమే గయ్యాళులమైపోతాం. సరే, అయ్యాను.

ఆ విమానం నిజానికి మా ఆయన కొన్నది. రిమోట్‌తో ఎగిరేది, ఫోమ్‌తో చేసింది, రెక్కని నిలబెడితే నా భుజం దాకా వస్తుంది. కొన్న శనివారమే అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో ఎగరేసి, పైన్ చెట్టుకి గుద్ది, జిగురు పెట్టి అతికించి, క్లాజెట్‌లో పడేశాడు. "నెక్స్ట్ వీక్ చూద్దాంలే" అన్నాడు. ఆ నెక్స్ట్ వీక్ ఇప్పటికీ రాలేదు.

నేనేమో డిపెండెంట్ వీసా మీద, వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. హైదరాబాద్‌లో పదేళ్ళు ఉద్యోగం చేసి, ఒక టీమ్‌ని నడిపినదాన్ని. ఇక్కడ ఫోన్ ఆయన పేరు మీద, ఇంటి లీజు ఆయన పేరు మీద. ఆఖరికి లైబ్రరీ కార్డు కావాలన్నా ఆయన పేరున్న కాగితమే పట్టుకెళ్ళాల్సి వచ్చింది. వ్యాక్యూమ్ క్లీనర్ కోసం క్లాజెట్ తలుపు తీసినప్పుడల్లా ఆ విమానం కనిపించేది. ఒకరోజు బయటికి తీసి దుమ్ము తుడిచాను. దీన్ని నేనే ఎగరేస్తాను అనుకున్నాను. నేనే పైకి పంపాలి, నేనే కిందికి దించాలి, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నాకు కావలసింది అంతే. అంతకంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ అడగలేదు.

ఊరి బయట, ఒకప్పుడు గడ్డి పెంచిన పొలంలో, ఇలాంటి విమానాలు ఎగరేసేవాళ్ళ క్లబ్ ఉంది. కొత్తవాళ్ళు టీచర్ పక్కన లేకుండా ఎగరేయకూడదు. క్లబ్ వ్యవహారాలు చూసే తెల్లగడ్డం అమెరికన్ పెద్దాయన పరీక్ష పెట్టి, సరే అంటేనే ఒంటరిగా ఎగరేయనిస్తారు. నాకు టీచర్‌గా దొరికింది మన బెజవాడ మనిషే. యాభై దాటిన వయసు, మా వెనక వీధిలో ఇల్లు, ఎనిమిదేళ్ళుగా ఇదే పిచ్చి.

మొదటి రోజే నేను తప్పు చేశాను. "నమస్తే అన్నయ్యగారూ" అన్నాను. మనకి అలవాటే కదా. పేరు పెట్టి పిలవలేం, అంకుల్ అంటే మొహం మాడ్చుకుంటారు, సర్ అంటే ఆఫీసులా ఉంటుంది. అందుకని కనిపించిన ప్రతి పెద్దమనిషినీ అన్నయ్యని చేసేస్తాం. నేను మర్యాదకి అన్నాను. ఆయన మాత్రం ఆ మాటని బాధ్యతగా నెత్తికెత్తుకున్నాడు.

నేర్పే పద్ధతి ఇదీ. రెండు రిమోట్లు, వాటి మధ్య ఒక కేబుల్. విమానంతో జత కలిపిన అసలు రిమోట్, అంటే నాది, ఆయన చేతిలో ఉంటుంది. ఆయన పాత రిమోట్ ఒకటి నా మెడలో పట్టీకి వేలాడుతుంది. ఆయన ఒక స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం నా మాట వింటుంది. వేలు తీస్తే చాలు, ఆయన మాట వింటుంది. అప్పుడు నేను నా రిమోట్ మీది స్టిక్కులు ఎంత తిప్పినా దండగే. అలా వెనక్కి తీసుకునేటప్పుడు టీచర్ గట్టిగా "ఐ హ్యావ్ ఇట్" అనాలి. మైదానంలో అందరూ అలాగే అంటారు.

మొదటి నెల్లో ఆయన ఆ మాట ఎన్నిసార్లన్నాడో! విమానం కాస్త పక్కకి ఒరిగితే చాలు, "అమ్మా అమ్మా అమ్మా... ఐ హ్యావ్ ఇట్!" నేను గాలి పీల్చుకునేలోపు లాగేసుకునేవాడు. ఇందులో కొత్తవాళ్ళని ముంచేది ఒకటుంది. విమానం మన నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు కుడి కుడే, ఎడమ ఎడమే. అదే తిరిగి మన వైపు వస్తుంటే అంతా తారుమారు. బుర్ర గిర్రున తిరుగుతుంది. దానికి ఒక చిట్కా ఉంది. ఏ రెక్క కిందికి వాలితే స్టిక్‌ని ఆ వైపే నెట్టాలి, రెక్క లేస్తుంది. కూరలు తరుగుతూ కూడా అదే గొణుక్కునేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. నవ్వనీ.

రానురాను "ఐ హ్యావ్ ఇట్"లు తగ్గాయి. ఒక శనివారం అసలు ఒక్కటి కూడా వినపడలేదు. విమానం మలుపు తిరిగి, కిందికి జారి, పచ్చికని తాకి, రెండు గెంతులేసి ఆగిపోయింది. అన్నయ్యగారు చప్పట్లు కొట్టాడు. "దించేశావమ్మా!" నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడను, నిజంగానే తిరిగాయి. మరుసటి వారం రవ్వలడ్డూలు చేసి మైదానంలో అందరికీ పంచాను. తెల్లగడ్డం పెద్దాయన కూడా ఒకటి తిని, ఇంకొకటి టిష్యూలో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకో రెండు ల్యాండింగులు. అన్నయ్యగారు నాకు పరీక్ష కూడా మాట్లాడేశాడు, వచ్చే ఆదివారం పొద్దున పదింటికి.

పరీక్షకి ముందురోజు, శనివారం, ప్రాక్టీసుకి వెళ్ళాం. గాలి కాస్త ఎక్కువగానే ఉంది. విమానం ఆఖరి మలుపు తిరిగి మా వైపు దిగి వస్తుంటే మాకు ఎడమ పక్కన ఉన్న రెక్క వాలింది. కంగారులో నేను స్టిక్‌ని కుడికి నెట్టేశాను. తప్పు. అలా నెడితే ఆ రెక్క ఇంకా వాలిపోయి విమానం నేలకి గుద్దుకోవాలి. అలాంటిది, చక్కగా సర్దుకుని మెత్తగా దిగింది. అన్నయ్యగారు "వెరీ గుడ్" అన్నాడు. నేను నెట్టింది కుడికేనని నాకు తెలుసు. వెళ్ళి బ్యాటరీ మార్చుకొచ్చాను.

మళ్ళీ పైకి పంపాను. రెండు చుట్లు తిప్పాను. "ల్యాండింగ్!" అని రూల్ ప్రకారం అరిచి, మలుపు తిప్పి, రెండు చేతులూ స్టిక్కుల మీద నుంచి తీసేసి వీపు వెనక్కి పెట్టుకున్నాను.

విమానం హాయిగా దిగింది. ఇంత బాగా ఎప్పుడూ దిగలేదు.

"సూపరమ్మా! అన్నిటికంటే ఇవాళ్టిదే బాగా దించావు!" అన్నాడు, విమానాన్నే చూస్తూ. తర్వాత నా వైపు తిరిగాడు. నా చేతులు ఎక్కడున్నాయో చూశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఎప్పట్నుంచి మీరు చెప్పకుండా వేలు తీసేసి దించుతున్నారు?"

కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "కాన్ఫిడెన్స్ కోసమమ్మా. పైన బాగానే తిప్పుతున్నావు కదా, కిందికి రావడం ఒక్కటే..."

"ఒక్కటైనా నేను దించానా?"

కళ్ళజోడుని ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"రవ్వలడ్డూలు తిన్నారు కదండీ! మూడు తిన్నారు!" అని అరిచాను. అంత కోపంలో నోటికి అదే వచ్చింది, ఏం చేయను!

"అన్నయ్యా అని పిలిచావు. నీ విమానం నా కళ్ళ ముందు పడిపోతుంటే ఎలా ఊరుకుంటానమ్మా? మా చెల్లెలైతే ఊరుకుంటానా?"

"మరి రేపు పరీక్షలో ఈ కేబుల్ ఉండదు కదా?"

"దాని సంగతి నేను చూసుకుంటాలే. పెద్దాయనతో మాట్లాడాను. మన కోసం కేబుల్ ఉంచనిస్తాడు. నువ్వేం టెన్షన్ పడకు."

చూసుకుంటాడట! ఈ దేశంలో దిగినప్పట్నుంచీ నన్ను చూసుకుంటున్నవాళ్ళే అందరూ. చూసుకుని చూసుకుని నన్ను చేతకానిదాన్ని చేసి కూర్చోబెట్టారు. వారం వారం అరగంట డ్రైవ్ చేసుకుని వచ్చి, ఎండలో మెడ నొప్పెట్టేలా ఆకాశం వైపు చూస్తూ, నేను తిప్పింది దేనికీ కట్టని రిమోట్‌నా? చప్పట్లు కొట్టించుకున్నాను. ఏడ్చాను కూడా. ఆయన్ని అక్కడికక్కడే ఆ కేబుల్‌తోనే కట్టేయాలనిపించింది.

కేబుల్ ఊడపీకాను. "నా రిమోట్ నాకివ్వండి."

"గాలి ఉందమ్మా. పడిపోతుంది."

"పడనివ్వండి. ఇవ్వండి."

ఇచ్చాడు. బ్యాటరీ మార్చి, నా రిమోట్‌తో మొదటిసారి పైకి పంపాను. ఆయన పక్కనే నిలబడ్డాడు కాబట్టి రూల్ తప్పలేదు. పైన గాలికి అది కుక్కపిల్లలా గుంజుకుంటోంది. ఈసారి అది నా చేతిలో ఉందని తెలుస్తోంది. వేలు కొంచెం కదిపితే కొంచెం కదిలింది, ఎక్కువ కదిపితే ఎక్కువ కదిలింది. మూడు చుట్లు తిప్పి "ల్యాండింగ్!" అన్నాను.

మలుపులో రెక్క వాలింది. వాలిన వైపే నెట్టాను. లేచింది! లేచిందన్న సంబరంలో ఒక్క క్షణం ఆలస్యం చేశాను, ఇంతలో గాలి దాన్ని మా మీదికి తోసేసింది. పక్కనుంచి "అమ్మా అమ్మా అమ్మా" అని కేక. మా తలల మీదుగా, కంచె దాటి, కార్లు ఆపే చోట కంకరలో ముక్కు గుచ్చుకుని పడింది. ప్రొపెల్లర్ విరిగింది. రెక్క రెండు ముక్కలైంది. ఎవరికీ తగల్లేదు, ఏ కారుకీ గీత పడలేదు. దేవుడి దయ.

మైదానమంతా ఆగిపోయి చూస్తోంది. కంచె దాటించడం అక్కడ పెద్ద తప్పు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది, రెండు నెలలు ఎగరేయనివ్వరు. పరీక్ష సంగతి ఇక చెప్పక్కర్లేదు. తెల్లగడ్డం పెద్దాయన పుస్తకం పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. కోపంగా లేడు. "ఎవరు నడుపుతున్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి వినపడింది. "ఐ హ్యావ్ ఇట్. నాదే తప్పు. సారీ, చివర్లో నేనే తీసుకున్నాను." అని, నా వైపు వంగి తెలుగులో, "నువ్వు ఊరుకో అమ్మా. రెండు నెలలు ఎగరేయకపోతే నాకేం పోదు. రేపు నీ పరీక్ష పోకూడదు" అన్నాడు.

పెద్దాయన తల ఊపి, పెన్ను మూత తీసి, అన్నయ్యగారి పేరు రాయడం మొదలుపెట్టాడు.

"నో!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే అవతల ఎగరేస్తున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. "అబద్ధం చెప్తున్నాడు. నేను నడిపాను. నేను పడేశాను. ఆయన ముట్టుకోలేదు."

పెద్దాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "పరీక్ష పోతుంది, తెలుసు కదా?" అన్నాడు. తెలుసన్నాను. అప్పటికి రాసిన రెండక్షరాలు కొట్టేసి, నా పేరు అడిగాడు. నా పేరు పొడుగు, ఇక్కడ ఎవరికీ నోరు తిరగదు. సగంలో ఆపి, మిగతాదానికి ఒక గీత పెట్టేయబోయాడు. నేను పక్కకెళ్ళి నిలబడి, ఒక్కో అక్షరమూ చెప్పి, పూర్తిగా రాసేదాకా అక్కడి నుంచి కదల్లేదు.