ఫ్యాక్టరీ గేటు దగ్గర తీసుకున్న కారు

ఓపిక అనేది నా ఒంట్లో ఎప్పుడూ లేదు. రైలు పది నిమిషాలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం ఆ చివరికీ ఈ చివరికీ నాలుగుసార్లు తిరిగే రకాన్ని. అలాంటివాణ్ణి రాయపూర్ గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా వేశారు. వ్యాగన్ల కోసం ఎదురుచూడ్డమే అక్కడ ఉద్యోగం.

మా అక్క మొగుడు, అంటే నా బావ, ఇంజను డ్రైవరు. ఒక ఏడాది రైల్వే డాక్టరు ఆయన్ని చీకటి గదిలో కూర్చోబెట్టి దీపాలు చూపించాడు. బావ ఎర్రదాన్ని పచ్చ అన్నాడు, పచ్చదాన్ని ఎరుపన్నాడు. అంతే, ఇంజను మీంచి దింపేశారు. ప్లాట్‌ఫారం మీద నీళ్ళ కుండలు నింపే పని ఇస్తామన్నారు. ఆయన ఆ కాగితం చదివి, మడతపెట్టి జేబులో పెట్టుకుని, మర్నాడు రాజీనామా ఇచ్చేశాడు.

"రాయపూర్ రోడ్ల మీద సిగ్నళ్ళెక్కడున్నాయిరా," అన్నాడు నాతో. "అడ్డంగా పడుకునే ఆవులే కదా. వాటికి ఎరుపేటి, పచ్చేటి. టాక్సీ తోలుకుంటాను."

పర్మిట్‌కి అర్జీ పెడితే మంజూరైంది గాని, ఒక షరతు పెట్టారు. నెలాఖరు రోజు సాయంత్రం అయిదింటిలోగా కొత్త బండి తెచ్చి ఆఫీసులో చూపించాలి. లేకపోతే ఆ పర్మిట్ వరసలో తరవాతివాడికి పోతుంది. బావకి మళ్ళీ నీళ్ళ కుండలే గతి.

ఊళ్ళో కార్ల ఏజెంటు ఒక్కడే. షాపులో కుర్చీలున్నాయి, గోడ మీద కారు బొమ్మ ఉంది, కారు మాత్రం లేదు. వెళ్ళినప్పుడల్లా టీ తెప్పించి, "అగ్‌లే లాట్‌మే ఆ జాయేగీ, బాబూజీ," వచ్చే లాటులో వచ్చేస్తుంది, అనేవాడు. ఆ వచ్చే లాటు ఎప్పుడొస్తుందో అతనికీ తెలీదు. మూడోసారి నేను టీ ముట్టకుండా లేచొచ్చేశాను.

"ఏజెంటూ వద్దు, వాడి టీ వద్దు. కలకత్తా వెళ్ళి ఫ్యాక్టరీలోనే తెచ్చుకుందాం. పాసుంది కదా," అన్నాను బావతో. రైల్వేవాళ్ళకి ఇదొక జబ్బు. జేబులో పాసుంటే ఉల్లిపాయల కోసమైనా నాలుగు స్టేషన్లు వెళ్ళొస్తాం.

అక్క ఒప్పుకోలేదు. "ఏజెంటైతే వాడి మనిషే తోలుకొచ్చి గుమ్మంలో పెడతాడట. ఫ్యాక్టరీవోళ్ళు గేటు బయట పెట్టి, తీస్కపోండంటారు. అప్పుడేటి సేస్తారు?"

"నేను తోలుకొస్తాను," అన్నాడు బావ. ఇంజను దిగాక ఆయన మొహంలో అంత వెలుగు అదే మొదటిసారి చూడ్డం.

కలకత్తాలో ఫ్యాక్టరీవాళ్ళు మొదట మమ్మల్ని మా ఊరి ఏజెంటు దగ్గరికే పొమ్మన్నారు. రెండు రోజులు ఈ బల్లకీ ఆ బల్లకీ తిరిగాను. చివరికి, బయల్దేరేముందు మా పెద్దాఫీసరు రాసిచ్చిన సిఫార్సు చీటీ ఎవరో చదివారు. మూడో రోజు పొద్దున్న నల్లటి కొత్త కారు తెచ్చి గేటు బయట నిలబెట్టి, కాగితాలు మా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది. రోడ్డు మీద నాలుగు రోజుల దారి.

బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు. చెయ్యి మెల్లిగా దాని చుట్టూ తిప్పి, "పద, ఎక్కు," అన్నాడు.

నేను ఎక్కలేదు. "నదుల మీద సగం చోట్ల వంతెనల్లేవు బావా. రైలుకి వేసేద్దాం. మన గూడ్సే కదా, నేను చూసుకుంటాను." నోటితో నదులన్నాను గాని, నా కళ్ళ ముందు తిరుగుతున్నది ఆ చీకటి గదే. బావ నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. దిగి, తలుపు మెల్లిగా వేశాడు.

కార్లు వ్యాగన్ ఎక్కించాలంటే ట్యాంకులో పెట్రోలు బొట్టు లేకుండా తీసెయ్యాలి. అది రూలు, నాకు కంఠతా వచ్చు. పెట్రోలు తీస్తున్నంతసేపూ బావ పక్కకి తిరిగి నిలబడ్డాడు.

మేమిద్దరం రాయపూర్ వచ్చాక నా తిప్పలు మొదలయ్యాయి. దారిలో మా కారున్న వ్యాగన్ ఇరుసు వేడెక్కిందని, దాన్ని బండి నుంచి విడదీసి ఏదో యార్డులో పక్కన పెట్టేశారు. అయిదు రోజులు నాకు నిద్ర లేదు, తిండి సయించలేదు. కనిపించిన ప్రతి గార్డునీ అడిగాను, ఫోనులో అరిచాను, స్టేషన్‌మాస్టరు చేత తిట్లు తిన్నాను. ఇన్నాళ్ళూ మిల్లుల సేఠ్‌లు వచ్చి వాళ్ళ బియ్యం వ్యాగన్ల సంగతి అడిగితే, "వస్తుంది, కూర్చోండి," అని టీ చెప్పేవాణ్ణి. ఆ ఏజెంటుకీ నాకూ తేడా ఏమీ లేదని అప్పుడర్థమైంది. బావ మాత్రం రోజూ పొద్దున్నే గూడ్సు షెడ్డుకొచ్చి, బెంచీ మీద కూర్చుని, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోయేవాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. తిట్టినా బాగుండేది.

చివరి రోజు నాలుగింటికి వ్యాగన్ వచ్చింది. కారు దింపి, డబ్బాతో పెట్రోలు పోసి బయల్దేరేసరికి అయిదుకి పాతిక నిమిషాలు తక్కువ. పర్మిట్ ఆఫీసు పట్టాలకి అవతలుంది. నేను ముందు సీట్లో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు తెరిచే ఉంది. దారికి ఒక్క మేక కూడా అడ్డం లేదు. బావ బ్రేకు వేసి కారాపేశాడు.

"ఎందుకాపావు బావా? టైము లేదు."

"గేటు తెరిచుందని నాకు కనపడతంది. నా కళ్ళ మీద నీకు నమ్మకమేనా? నువ్వు చెప్తేగాని కదల్ను."

నేను గేటు వంక, వాచీ వంక చూశాను. ఒక నిమిషం పోయింది, రెండో నిమిషమూ పోయింది. "వెళ్ళు బావా," అన్నాను ఎలాగో.

"ఈ మాట కలకత్తాలో అనుంటే సరిపోను కదరా," అని గేరు వేశాడు.

పర్మిట్ ఆ సాయంత్రమే చేతికొచ్చింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి బావ టాక్సీలో ఎన్నోసార్లు తిరిగాను. ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చున్నాను. ముందుకి రమ్మని ఆయన పిలవలేదు, నేనూ అడగలేదు.