ఎల్ బోర్డు కట్టని కారు

మా ముత్తాత హొళగుంద దిక్కున మూడూళ్లకు పెద్దరైతు. ఆయన బండికి ఎదురొచ్చిన బండి దారి దిగి పక్కన ఆగేది. మా తాత ఆదోనిలో రైల్వే స్టేషనుకు అవతల పత్తి జిన్నింగు మిల్లు పెట్టాడు. మా నాయన మార్కెట్ యార్డుకు ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే ఆ ఐదు నిమిషాలూ వేలం ఆగేది. ఈ సంగతి ఇప్పుడు యార్డులో ఉన్నవాళ్లకు చెప్తే నమ్మరు. నమ్మించాల్సిన అవసరం నాకూ లేదు. నేను ఎమ్మిగనూరులో హైస్కూలు మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఆదోనికి పోవాలంటే బస్సెక్కుతాను. సీటు దొరక్కపోతే నిలబడే పోతాను తప్ప కాస్త జరగమని ఎవరినీ అడగను. కారు నడపడం నాకు రాదు. ఎందుకు రాలేదన్నది పోయిన ఆదివారం మా ఇంట్లో జరిగిన పంచాయితీ వల్ల మళ్లీ గుర్తుకొచ్చింది.

మా మనవరాలికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. జూన్ నెలలో పద్దెనిమిది నిండుతాయి. ఆ పిల్లకు కారు నడపడం ఎప్పుడు నేర్పించాలన్నది పంచాయితీ. మావాడు గోడ మీది క్యాలెండరు దించి, మంచం మీద పరిచి, ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఎంట్రన్సు పరీక్ష అయ్యేదాకా పుస్తకం వదలకూడదు. పద్దెనిమిది నిండేదాకా ఎల్.ఎల్.ఆర్., అదే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, ఇవ్వరు. అది చేతికొచ్చాక నెల రోజులు ఆగితే గానీ టెస్టుకు పిలవరు. ఆ నెలలో ఆషాఢం పడింది. ఆషాఢం పోతే కాలేజీ తెరుస్తారు. మా ముత్తాత కూతుళ్ల పెళ్లిళ్లకు కూడా ఇన్ని గీతలు గీసి ఉండడు. మధ్యలో మావాడి మామగారు ఫోన్ చేసి, ఎండాకాలంలో నేర్చుకుంటే వానలో చేతకాదు, వానల్లోనే నేర్పించండి అని సెలవిచ్చాడు. ఆయన స్కూటరు నడిపితే రెండు కాళ్లూ నేల మీదే ఉంటాయి. పక్కింటి మరమగ్గాల ఆయన తలుపు దగ్గరే నిలబడి, "మావానికి ఎవురూ నేర్పలే సార్. వానంతట వానికే వచ్చింది" అన్నాడు. వాళ్ల వాడికి పద్నాలుగేళ్లు. మోటారు సైకిలు మీద ఇంకో ఇద్దరిని ఎక్కించుకొని మా సందులో గోడలు రాసుకుంటూ పోతుంటాడు. కొడుకు కాలేజీలో ఫస్టు వచ్చినట్టు చెప్పుకుంటాడు తండ్రి.

ఇక డ్రైవింగ్ స్కూలు. 'సమ్మర్ స్పెషల్ బ్యాచ్' అని పేపరులో పెట్టి పంచిన కాగితం మా ఇంటికీ వచ్చింది. ఆ స్కూలు కారును నేను చూశాను. దాని ఒంటి మీద రాతలే తప్ప రంగు కనబడదు. నేర్పేవాడు ఒక చేత్తో ఫోను పట్టుకొని మాట్లాడుతూ, తన కాళ్ల కింద ఉన్న ఇంకో బ్రేకు తొక్కుతూ ఉంటాడు. పక్కన కూర్చున్న పిల్లకాయలు కారును తామే ఆపామనుకొని ఇంటికి పోతారు. ఇరవై రోజులకు చదువు పూర్తి. ఈ చదువు కోసమా క్యాలెండరు దించింది అని నాకు అనిపించింది. మనవరాలు నా కుర్చీ పక్కన కింద కూర్చొని మెల్లగా, "తాతా, కాలేజీలో చేరితే నాలుగేండ్లు నాకు తీరదు. ఇప్పుడు నేర్చుకోకపోతే నాకింక రాదు" అంది. ఆ పిల్ల ఏదీ రెండోసారి అడగదు. అది మాత్రం మా వంశం నుంచి వచ్చిన గుణమే.

అప్పుడు మా కోడలు, "పొద్దున ఐదుకే పంపిద్దాం మామా. ఆ టైములో అయితే ఎవురూ చూడరు. నడి రోడ్డులో బండి ఆగిపోతే నలుగురూ నవ్వుతారు" అంది. ఎవరూ చూడరు అన్న మాట నా చెవిన పడి చాలా ఏళ్లయింది. చేతిలో ఉన్న పేపరు మడిచి పక్కన పెట్టాను.

మాకు నల్ల అంబాసిడరు ఉండేది. స్టీరింగు పక్కనే గేరు కర్ర, లోపల తెల్ల గుడ్డ తొడిగిన సీట్లు, ఎండలో నిలబెడితే వేడెక్కిన రెక్సిను వాసన. ఆదోని నుంచి హొళగుంద దాకా ఆ కారును ఎరగని మనిషి లేడు. మా మొహాలు ఎరగనివాళ్లు ఉన్నారు గానీ కారును ఎరగనివాళ్లు లేరు. అది వస్తోందంటే తలగుడ్డ తీసేవారు. మా తాత నాటి నుంచీ దాన్ని నడిపింది ఒక్కడే డ్రైవరు. దేవనకొండ దిక్కువాడు, తక్కువ మాటల మనిషి. వెనక సీటులో ఎవరున్నారో చూడకుండానే దగ్గును బట్టి చెప్పగలిగేవాడు. నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఒకరోజు ఆయన మా నాయన ముందు నిలబడి, "అయ్యా, నా కుడికంట్లో పొర వచ్చింది. ఈ ఏడు ఎట్లో నెట్టుకొస్తా. అంతలోపల ఇంట్లో ఎవురో ఒకరు స్టీరింగు పట్టుకోవల్ల. లేకుంటే బండి షెడ్డులోనే ఉంటుంది" అన్నాడు.

ఇంకో డ్రైవరును పెట్టుకునే స్థితి అప్పటికే మాకు లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అన్నదమ్ముల్లేని ఇల్లు, నాకు ఒక్క చెల్లెలు. నేను నేర్చుకోవాలి, లేదా కారు నిలిచిపోవాలి. మా నాయన ఒప్పుకున్నాడు. నాకు పద్దెనిమిది నిండగానే ఎల్.ఎల్.ఆర్. కూడా తెప్పించాడు. అప్పుడు తెలిసింది, నేర్చుకునేవాడి బండికి ముందొకటి వెనకొకటి ఎర్ర రంగుతో ఎల్ అక్షరం రాసిన బోర్డు కట్టాలని. మా నాయన దానికి ససేమిరా అన్నాడు. "ఆ అక్షరం మన కారుకు కట్టుకొని బజార్లో తిరిగితే, వీళ్ల కొడుకు డ్రైవరు పనికి దిగినాడని రాసి అంటిచ్చినట్టే" అన్నాడు. అందుచేత ఎవరూ చూడని చోట, ఎవరూ చూడని వేళ నేర్చుకోవాలని తీర్మానం అయింది.

ఆ వేళను వెతకడానికే మాకు ఆరు నెలలు పట్టింది. పత్తి సీజనులో తెల్లవారక ముందే యార్డు దాకా బండ్లు బారులు తీరి ఉంటాయి, కుదరదు. యార్డుకు సెలవైతే దళారులంతా రోడ్డు మీది టీ కొట్లలోనే ఉంటారు, కుదరదు. సంక్రాంతికి చుట్టాలు, మాఘంలో పెళ్లిళ్లు. నా పరీక్షల్లో అసలే కుదరదు. మా నాయన రోజూ పంచాంగమూ యార్డు సెలవుల కాగితమూ ముందు పెట్టుకొని కూర్చునేవాడు. ఎల్.ఎల్.ఆర్. బీరువాలో పడుండి గడువు తీరిపోయింది. మళ్లీ తెప్పించాడు. ఇంత పట్టుదల మిల్లు మీద పెట్టి ఉంటే ఏమయ్యేదో. ఆయనను తప్పుపట్టను అని రాయాలని ఉంది. రాయను.

చివరికి నా పరీక్షలయ్యాక, ఎండలు ముదిరిన రోజుల్లో, తెల్లవారుజామున హొళగుంద దారిలో పాఠం మొదలైంది. ఎల్ బోర్డు లేదు. డ్రైవరు నా పక్కన కూర్చునేవాడు. "చిన్నయ్యా, క్లచ్చి మెల్లగా ఇడువు. కాలికి కోపం ఉండగూడదు" అనేవాడు. నా కాలికి ఉన్నదే అది. కారు గుక్క పట్టిన పిల్లలా ఎగిరి ఆగిపోయేది. ఆయన నవ్వేవాడు కాదు, మళ్లీ తాళం తిప్పమనేవాడు. మూడో రోజుకు కారు నా మాట వినడం మొదలుపెట్టింది. రెండు పక్కలా దున్నని నల్లరేగడి, దారి ఖాళీ, రెండో గేరు, మూడో గేరు. బతుకులో నేను అంత బాగా ఇంకేదీ చేసినట్టు గుర్తులేదు.

అప్పుడే చేనికి ఎరువు తోలుకుంటున్న ముసలి రైతు ఒకాయన ఎదురొచ్చాడు. మా కారును చూసి బండిని దారి దించాడు. నేను భయపడి బ్రేకు తొక్కితే కారు సరిగ్గా ఆయన ముందే ఆగింది. ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని, వంగి దండం పెట్టాడు, నా పక్కనున్న డ్రైవరుకు. ఆయన లెక్కలో స్టీరింగు పట్టుకున్నవాడు పనివాడు, పట్టుకోనివాడు యజమాని. "ఏన్ ధణీ, హొస డ్రైవరా?" అన్నాడు. ఏం దొరా, కొత్త డ్రైవరా అని కన్నడంలో. మా డ్రైవరు నా వైపు చూశాడు. యజమాని కొడుకు కారు నేర్చుకుంటున్న సంగతి బయటికి పొక్కకూడదని ఆయనకు ఆజ్ఞ. ఆ ఆజ్ఞ దాటలేక, "హూ, కొత్తోడే" అన్నాడు. రైతు కిటికీ దగ్గరికొచ్చి నాతో, "మెల్లగ తోలప్పా. పెద్దింటోళ్ల బండి ఇది. గీత పడితే నీ ఒంటి తోలు తీస్తారు" అని బుద్ధి చెప్పి పోయాడు.

డ్రైవరు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనే చెప్పాను, మధ్యాహ్నం అన్నాల దగ్గర, అందరూ నవ్వుతారనుకొని. మా చెల్లెలు నవ్వింది. మా నాయన, "దండం ఎవురికి పెట్టినాడు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన అన్నం పూర్తిగా తిని, చేయి కడుక్కొని వచ్చి, "మన కారులో మన డ్రైవరుకు దండం పెట్టిచ్చినావు. ఇంక సాలు. ఇంకా మంచి టైము చూసి నేర్చుకుందువులే" అన్నాడు. కొడుకును తనకు దండం పెట్టే రైతు కూడా గుర్తుపట్టలేదే అన్న బాధ ఆయనకు లేదు. ఊరూరా మనుషులు దండం పెట్టింది మాకు కాదని, స్టీరింగు లేని సీటుకని ఆ పూట మా ఇంట్లో తేలిపోయింది. అది ఒప్పుకోవడం కంటే పాఠం ఆపడం సులువు. ఆ మంచి టైము కోసం వానాకాలం చూశాం, దసరా చూశాం, మళ్లీ పత్తి సీజను వచ్చింది. రెండో ఎల్.ఎల్.ఆర్. కూడా గడువు తీరింది. డ్రైవరు కంటి చూపు ఇంకా తగ్గి, దేవనకొండలో కూతురింటికి పోతానని చెప్పడానికి వచ్చాడు. "చిన్నయ్యా, వారానికొకసారన్నా స్టార్టు చేస్తాండు. లేకుంటే బ్యాటరీ సస్తాది" అన్నాడు. రెండు వారాలు చేశాను. మూడో వారం చేస్తుంటే, ఇంజను చప్పుడు వీధిలోకి వినబడుతోందని మా నాయన వద్దన్నాడు.

ఇదంతా మా వాళ్లకు చెప్పలేదు. మావాడి చేతిలోంచి ఎర్ర పెన్ను తీసుకొని, "పుట్టినరోజు మరుసటి దినమే ఎల్.ఎల్.ఆర్.కు పోండి. ఆషాఢమంతా నేర్చుకోనీ" అన్నాను.

"ఆషాఢంలో మొదలుపెట్టేది మంచిది కాదేమో నాయనా" అన్నాడు వాడు.

"ఆషాఢంలో బ్రేకు పడదని ఎవురు చెప్పినారు నీకు? మీ మామేనా?"

మనవరాలు మొహం కిందికి దించుకొని నవ్వుకుంది. కోడలు మాత్రం వదల్లేదు. "సరే మామా, ఐదుకే పోతుంది కదా?" అంది.

"ఐదుకు వద్దు, పదికి పోనీ. మార్కెట్ రోడ్డులోనే పోనీ. సంత దినం కూడా మానొద్దు."

"బండి ఆగిపోతే అందరూ నవ్వుతారు మామా."

"నవ్వనీ. వాళ్లలో సగం మందికి సైకిలు తొక్కేకి రాదు."

ఫోన్లో మాట్లాడుతూ నేర్పే ఆ గురువు మీద నాకు ఇప్పటికీ గౌరవం లేదు. ఆ రాతల కారులో మా ఇంటి పిల్ల కూర్చోవడం నాకు ఇష్టమూ లేదు. అయినా జూలై నెల గడులన్నిటి మీదా ఎర్ర గీత నేనే గీసి క్యాలెండరు మళ్లీ గోడకు తగిలించాను. మంచి వేళ కోసం కాచుకున్న ఇంట్లో పెరిగినవాణ్ణి. అలాంటి వేళ ఒక్కటి కూడా వచ్చినట్టు నాకు గుర్తులేదు. రోజులు మాత్రం వాటంతట అవి పోయాయి.

మా నల్ల అంబాసిడరును అప్పట్లో అమ్మింది ఉదయం పదకొండు గంటలకు, వీధంతా చూస్తుండగా. దాన్ని రోడ్డు మీదికి తీయగలిగినవాడు ఇంట్లో ఒక్కడూ లేనందువల్ల మిల్లు హమాలీలు నలుగురు తోసుకుంటూ పోయారు. ఆ పై ఏడు మిల్లు కూడా అమ్మేశాం.